బండి ముందు గార్డు ఎవరికి కాపలా?

హైవే పక్కన ఓ పది నిమిషాలు నిలబడి, ఎదురుగా వచ్చే బండ్ల మూతులు గమనించండి. లారీలు, బొలెరో పికప్‌లు, జీపులు, పెళ్ళి వాళ్ళ స్కార్పియోలు. వీటిలో చాలావాటికి ముందు ఓ ఇనుప పైపుల చట్రం కనిపిస్తుంది. మన దగ్గర దాన్ని బంపర్ గార్డు అంటారు, కొందరు బుల్ బార్ అంటారు, ప్రభుత్వ కాగితాల్లో క్రాష్ గార్డ్. అమెరికాలో పికప్ ట్రక్కులకి పెట్టుకునేదాన్ని గ్రిల్ గార్డ్ అంటారు. ఆస్ట్రేలియా వాళ్ళైతే కంగారూల పేరు మీద రూ బార్ అని పిలుచుకుంటారు. పేరేదైనా ఉద్దేశం ఒక్కటే, బండి మూతికి తగలాల్సిన దెబ్బ ముందు దానికి తగలాలి.

మన దేశంలో దీన్ని బయట కొని బిగించుకోవడం చట్టానికి విరుద్ధం. ఆ సంగతికి తర్వాత వద్దాం. "చట్టం వద్దంది" అన్న ఒక్క మాటకి గార్డు విప్పేసిన వాళ్ళని నేనైతే చూడలేదు. ఎక్కడైనా చెకింగ్ ఉందంటే విప్పి ఇంట్లో పెడతారు, వారం తర్వాత మళ్ళీ బిగిస్తారు. ఎందుకంటే వాళ్ళ మనసులో అది బండికి, బండిలో ఉన్నవాళ్ళకి రక్షణ. ఈ నమ్మకం పూర్తిగా తప్పు కూడా కాదు, చిక్కంతా అక్కడే ఉంది. ఎంత వరకు నిజమో లెక్క వేసి చూడాలి. మనం చదివేది ఇంజనీరింగ్ కాబట్టి, ఫస్ట్ ఇయర్ ఫిజిక్సుతోనే చాలా దూరం వెళ్ళొచ్చు.

ముందు గార్డు తరఫున వాదిద్దాం.

మా మామ పికప్ తోలతాడు. సీజన్లో మదనపల్లె మార్కెట్టుకి టమాటా, మిగతా రోజుల్లో ఏ లోడు దొరికితే అది. అతని ప్రయాణాలన్నీ రాత్రి పూటా తెల్లవారుజామునే. ఊళ్ళ మధ్య రోడ్ల మీద ఆ టైములో బర్రెలు, ఆవులు, కుక్కలు, ఒక్కోసారి అడవి పందులు. గార్డు ఎందుకు మామా అని అడిగితే అతను చెప్పిన జవాబు ఇది: "అల్లుడూ, మూతి సొట్ట పోతే పోనీ. రేడియేటర్ పగిలిందనుకో, బండి ఆడనే నిలబడతాది. నూరు బాక్సులు టమాటా ఎండలో పెట్టుకోని నేనేం చేసేది? ఈఎంఐ వాడు ఆగతాడా?"

ఇందులో తప్పు పట్టడానికేం లేదు. బండి మూతిలో అన్నిటికంటే సున్నితమైన భాగాలు రేడియేటర్, దాని ముందు ఏసీ కండెన్సర్, పక్కన హెడ్‌లైట్లు. పల్చటి అల్యూమినియం రెక్కలు, ప్లాస్టిక్ ట్యాంకులు. చిన్న దెబ్బకే కూలెంట్ కారిపోతుంది, ఇంజన్ వేడెక్కుతుంది, ప్రయాణం అక్కడితో ఆగిపోతుంది. అద్దె బండి మీద బతికేవాడికి ఒక రోజు ఆగడమంటే రిపేరు బిల్లు ఒక్కటే కాదు, పాడైన సరుకు, పోయిన కిరాయి, ఇంకోసారి పిలవని వ్యాపారి.

ఇప్పుడు లెక్క. లోడుతో కలిపి పికప్ బరువు 3 టన్నులు అనుకుందాం. 60 కి.మీ. వేగంతో వెళ్తోంది, అంటే సెకనుకి 16.7 మీటర్లు. అడ్డంగా నిలబడ్డ బర్రె బరువు 500 కిలోలు. (మా వైపు బర్రెని ఎనుము అంటారు, ఇక నేనూ అదే అంటాను.) గుద్దుకున్నాక రెండూ కలిసి కదిలాయనుకుంటే మొమెంటమ్ లెక్క ప్రకారం వేగం 60 నుంచి దాదాపు 51కి పడుతుంది. డ్రైవర్ శరీరానికి తెలిసే మార్పు కేవలం 9 కి.మీ. సడన్ బ్రేక్ వేసినట్టు ఉంటుంది, అంతే. బండికి ఉన్న గతిశక్తి దాదాపు 417 కిలోజౌల్స్. అందులో ఈ గుద్దుడులో ఖర్చయ్యేది సుమారు 60. ఆ 60లో ఎక్కువ భాగం పాపం ఎనుమే భరిస్తుంది, మిగిలింది గ్రిల్లు, బానెట్, రేడియేటర్ పంచుకుంటాయి.

కాబట్టి ఇలాంటి గుద్దుడులో క్యాబిన్లో వాళ్ళకి పెద్ద ప్రమాదం లేదు, నష్టమంతా బండి మూతికే. సరిగ్గా ఇక్కడే గార్డు పనికొస్తుంది. గట్టి బ్రాకెట్లతో ఛాసిస్‌కి బిగించిన గార్డు ఆ దెబ్బని రేడియేటర్ దాకా రానివ్వకుండా ఛాసిస్ పట్టాలకి పంపేస్తుంది. ఆటోవాడు రివర్స్‌లో తగిలించడం, మార్కెట్ యార్డులో ఎదుటి బండి డాలా గీసుకోవడం, గేటు స్తంభానికి రాసుకోవడం, వీటన్నిటిలోనూ అంతే. కానీ ఓ షరతు ఉంది. గార్డు గట్టిగా ఉంటే చాలదు, బ్రాకెట్లు కూడా గట్టిగా ఉండాలి. వెల్డింగ్ షాపులో చేసిన చాలా గార్డుల్లో పైపు మందంగా ఉంటుంది, బ్రాకెట్ మాత్రం పల్చటి పట్టీ. అలాంటిది పెద్ద దెబ్బకి వెనక్కి మడత పడి, అదే పైపు పోయి రేడియేటర్లో గుచ్చుకుంటుంది.

ఈ గార్డు గురించి ఆస్ట్రేలియా వాళ్ళు మనకంటే సీరియస్‌గా ఆలోచించారు. అక్కడి లోపలి ప్రాంతాల్లో ఒక ఊరికీ ఇంకో ఊరికీ మధ్య వందల కిలోమీటర్లు, మధ్యలో మెకానిక్ ఉండడు, చాలా చోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు, కంగారూలు చీకటి పడ్డాకే రోడ్డెక్కుతాయి. అలాంటి చోట రేడియేటర్ పగలడం ప్రాణాల మీదికి వచ్చే సంగతే. అందుకే అక్కడ గార్డుని నిషేధించలేదు. కానీ ఇష్టమొచ్చినట్టు పెట్టుకోనివ్వలేదు కూడా. దానికి ఏఎస్ 4876 అనే ప్రమాణం 2002లో వచ్చింది. గార్డు ఆకారం బండి మూతిని అనుసరించి ఉండాలి, పదునైన అంచులు బయటికి కనిపించకూడదు, ఇలా.

ఇక అసలు గొడవకి వద్దాం. ఎనుము స్థానంలో రోడ్డు పక్కన ఆగిన లారీనో, చింత చెట్టునో పెట్టండి. ఇప్పుడు వేగం 60 నుంచి 51కి కాదు, 60 నుంచి సున్నాకి. 417 కిలోజౌల్స్ మొత్తం ఎక్కడో ఒకచోట ఖర్చవ్వాలి. చెట్టు తీసుకోదు. ఆగి ఉన్న లారీ కొంచెం కదులుతుంది కానీ పెద్దగా తీసుకోదు. మిగిలింది మన బండి మూతి, ఆ తర్వాత మనం.

బండి మూతి నలగడం అనేది లోపం కాదు, డిజైన్. మెర్సిడెస్ బెంజ్‌లో పనిచేసిన బేలా బారెన్యీ అనే ఇంజనీరు 1950ల మొదట్లోనే దీనికి పేటెంట్ తెచ్చుకున్నాడు. మధ్యలో మనుషులుండే పెట్టె గట్టిగా ఉండాలి, దాని ముందూ వెనకా ఉన్న భాగాలు నలిగిపోవాలి అన్నది ఆయన ఆలోచన. 1959లో వచ్చిన డబ్ల్యూ111 మోడల్‌తో అది రోడ్డెక్కింది. అంతకుముందు వరకు బండి ఎంత మొండిగా ఉంటే అంత భద్రం అనే అందరూ అనుకునేవాళ్ళు. మన దగ్గర ఇప్పటికీ చాలామంది అలాగే అనుకుంటారు. "పాత అంబాసిడర్ గుద్దితే గోడ పడేది" అని గొప్పగా చెప్పుకోవడం వినే ఉంటారు. గోడ పడేది సరే, లోపల స్టీరింగ్‌కి తగిలిన ఛాతీ సంగతి ఎవరూ చెప్పరు.

60 కి.మీ. వేగంలో ఉన్న బండి, మూతి 60 సెంటీమీటర్లు నలిగి ఆగిందనుకుందాం. వి స్క్వేర్ బై టూ ఎస్ వేస్తే సగటు రిటార్డేషన్ దాదాపు 24 జీ వస్తుంది. అదే బండి 40 సెంటీమీటర్లే నలిగి ఆగితే 35 జీ. తేడా 20 సెంటీమీటర్లే, మన జానెడు కంటే తక్కువ. కానీ సీటు బెల్టు పక్కటెముకల్ని నొక్కే బలం దాదాపు ఒకటిన్నర రెట్లు అయింది. 24 జీ కూడా సుఖంగా ఏమీ ఉండదు. కాకపోతే బెల్టు పెట్టుకున్న మనిషి ఒకదాన్నుంచి బయటపడే అవకాశాలు రెండో దాని కంటే చాలా మెరుగు.

గార్డు ఇక్కడ ఏం చేస్తుంది? ఛాసిస్ పట్టాల ముందు కొసల్లో, బంపర్ వెనక, లోహాన్ని కావాలనే చిన్న చిన్న ముడతలతోనో రంధ్రాలతోనో బలహీనంగా చేసి ఉంచుతారు. దెబ్బ తగిలితే నలగడం అక్కణ్ణుంచి మొదలై, అకార్డియన్ మడతల్లా ఒక వరసలో వెనక్కి రావాలని. గార్డు బ్రాకెట్లు బిగించేది సరిగ్గా ఆ కొసలకే, ఎందుకంటే అక్కడ టో హుక్ బోల్టులు రెడీగా ఉంటాయి. ఆరు మిల్లీమీటర్ల ప్లేటు తెచ్చి, ముడత పడాల్సిన చోటే పట్టీ వేసినట్టు బిగిస్తాం. అప్పుడు ముందు కొస మడవకుండా నిలబడి, వెనక ఇంకెక్కడో, క్యాబిన్‌కి దగ్గర్లో పట్టా వంగొచ్చు. స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్ ల్యాబ్‌లో నిలువు కడ్డీని నొక్కినప్పుడు ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ వంగడం చూశారు కదా, అదే కథ.

ప్రతి గార్డూ ప్రతి ప్రమాదంలోనూ ఇలాగే చేస్తుందని నేననను. పల్చటి పైపుతో చేసిన అలంకారపు గార్డు ముందే చితికిపోయి పెద్దగా ఏ తేడా తేకపోవచ్చు. పాత తరం జీపులు, పికప్‌లలో నలిగే భాగమే సరిగ్గా ఉండదు, అక్కడ పోయేదీ తక్కువే. కానీ గమనించండి, ఇందులో ఏ సందర్భంలోనూ లోపలి మనిషికి లాభం కనిపించడం లేదు. మంచి సందర్భంలో తేడా లేదు, చెడ్డ సందర్భంలో నష్టం.

ఎయిర్‌బ్యాగుల విషయంలో ఒక ప్రచారం ఉంది: గార్డు ఉంటే ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోదు అని. అంత సులువుగా చెప్పలేం. ఎయిర్‌బ్యాగ్ కంప్యూటర్ చూసేది బంపర్‌కి ఏం తగిలిందన్నది కాదు, బండి ఎంత తీరుగా వేగం కోల్పోతోందన్నది. గుద్దుకున్న మొదటి కొన్ని మిల్లీసెకన్లలో వచ్చే ఆ గ్రాఫుని చూసి, ఇది గుంతా, గేటా, చెట్టా అని తేల్చుకోవాలి. ఆ గ్రాఫులు కంపెనీ వాళ్ళు గార్డు లేని బండిని గోడకి గుద్దించి తయారు చేసుకున్నవి. గార్డు పెడితే గ్రాఫు మారుతుంది. మొండి గార్డైతే చిన్న దెబ్బ కూడా పెద్దదిగా కనిపించి, అవసరం లేని చోట బ్యాగు పేలొచ్చు. మెత్తటి గార్డైతే అది వంగే లోపు సిగ్నల్ ఆలస్యమై, మనిషి తల ముందుకొచ్చేశాక బ్యాగు తెరుచుకోవచ్చు. బ్యాగు మొత్తం నిండడానికి పట్టే టైమే కనురెప్ప వేసేంత కూడా కాదు, అందులో ఆలస్యానికి చోటెక్కడ? కొత్త బండ్లకి ఇంకో తలనొప్పి, బంపర్ వెనక ఉండే రాడార్. ముందు బండికి దూరం కొలిచి తానే బ్రేక్ వేసే ఏర్పాటు అది. దాని ముందు ఇనుప పైపు నిలబెడితే అది ఏం చూసి ఏం అనుకుంటుందో చెప్పలేం.

ఇదంతా బండి లోపలి వాళ్ళ గొడవ. గార్డు పెట్టించుకున్నది వాళ్ళే, మంచైనా చెడైనా వాళ్ళదే అనుకోవచ్చు. కానీ బండి బయట ఉన్నవాళ్ళు ఆ గార్డు కావాలని ఎవరినీ అడగలేదు.

కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవాళ్ళు 1,68,491 మంది. అందులో టూ వీలర్ల మీద వెళ్ళేవాళ్ళు 44.5 శాతం, నడిచి వెళ్ళేవాళ్ళు 19.5 శాతం. అంటే చుట్టూ ఏ ఇనుప పెట్టే లేని మనుషులే ప్రతి ముగ్గురిలో దాదాపు ఇద్దరు. పశువులు రోడ్డు మీదికి వస్తాయని మనం గార్డు పెట్టుకుంటాం. అదే రోడ్డు మీద పశువుల వెనక వాటి కాపరి కూడా ఉంటాడు.

60 కిలోల మనిషిని 3 టన్నుల బండి గుద్దితే బండికి ఏ తేడా తెలియదు. మనిషి మాత్రం ఒక్క క్షణంలో బండి వేగానికి రావాలి. బండి 40 కి.మీ. వేగంలో ఉందనుకుందాం, సెకనుకి 11.1 మీటర్లు. ఇప్పటి కార్ల బంపర్ పైన కనిపించేది ప్లాస్టిక్ తొడుగు, లోపల నురుగు దిమ్మ, ఆ వెనక ఇనుప పట్టీ. తొడుగూ నురుగూ కలిసి 8 సెంటీమీటర్లు లోపలికి నొక్కుకుపోయాయంటే, ఆ దెబ్బ తగిలిన కాలు అనుభవించే సగటు త్వరణం దాదాపు 79 జీ. అదే ఇనుప పైపైతే నొక్కుకుపోదు. నొక్కుకుపోయేది మన కండ మాత్రమే, మహా అయితే 2 సెంటీమీటర్లు. అప్పుడు 315 జీ. సరిగ్గా నాలుగు రెట్లు. పైగా బంపర్ వెడల్పుగా ఉండి దెబ్బని పంచుతుంది. రెండంగుళాల పైపు ఒక గీతలో నరికినట్టు తగులుతుంది.

ఇంకో సంగతి ఎత్తు. మామూలు కారు గుద్దితే పెద్దవాళ్ళకి మోకాలి దగ్గర తగిలి, ఒళ్ళు బానెట్ మీదికి పడుతుంది. బానెట్ రేకు కింద కొంచెం ఖాళీ వదిలేది అందుకే, తల తగిలితే రేకు లోపలికి పోవాలని. పికప్ గార్డు పై పైపు నేల నుంచి దాదాపు మీటరు ఎత్తులో ఉంటుంది. అది పెద్దవాళ్ళకి నడుము, పొట్ట. స్కూటర్ మీద అడ్డంగా పోతున్నవాళ్ళకి తుంటి ఎముక. ఒకటో తరగతి పిల్లకి మెడ, గడ్డం. మీ ఇంట్లో ఆరేళ్ళ పిల్లలుంటే ఒకసారి టేపుతో కొలిచి చూడండి.

యూరప్ వాళ్ళు ఈ సమస్యని 2005లో తేల్చేశారు. 2005/66 అని ఒక డైరెక్టివ్ తెచ్చి, గార్డు అమ్మాలంటే మనిషి కాలి నమూనాతో గుద్దించి పరీక్షలో నెగ్గాలన్నారు. మొండి ఇనుప గార్డు ఆ పరీక్షలో నెగ్గడం కష్టం, అందుకే మెత్తగా వంగే రకాలు వచ్చాయి. మన దగ్గర కూడా కార్ల ముందు భాగం పాదచారులకి ఎంత హాని చేస్తుందో కొలిచే ప్రమాణం ఉంది, ఏఐఎస్-100. 2023లో మొదలైన భారత్ ఎన్‌క్యాప్‌లో మూడు స్టార్లు, ఆ పైన రావాలంటే కారు ఆ ప్రమాణానికి తగ్గట్టు ఉండి తీరాలి. అన్ని పరీక్షలూ దాటుకుని షోరూమ్‌కి వచ్చిన కారుని మనం తిన్నగా గార్డు షాపుకి తీసుకెళ్ళి, ఓ గంటలో ఆ పనంతా రద్దు చేయించుకుంటున్నాం.

ఇక చట్టం. మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి భిన్నంగా బండిని మార్చకూడదు. దీన్ని ఆధారం చేసుకుని 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ రాష్ట్రాలన్నిటికీ లేఖ రాసింది, క్రాష్ గార్డులు, బుల్ బార్లు ఈ సెక్షన్‌కి విరుద్ధం, చర్య తీసుకోండి అని. 2019 జనవరిలో ఓ కేరళ కేసులో సుప్రీంకోర్టు కూడా కంపెనీ స్పెసిఫికేషన్‌ని దాటి మార్పులు కుదరవని చెప్పింది. అదే ఏడాది చట్ట సవరణతో వచ్చిన సెక్షన్ 182ఏ ప్రకారం ఇలా మార్పు చేయించిన ఓనరుకి ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ప్రమాదం జరిగితే బీమా కంపెనీకి పేచీ పెట్టడానికి ఒక కారణం మనమే చేతికిచ్చినట్టు కూడా అవుతుంది.

టూ వీలర్ వాళ్ళు కంగారు పడక్కర్లేదు, చీర గార్డు ఈ కోవలోకి రాదు. వెనక చక్రాన్ని సగమైనా కప్పే రక్షణ ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వ నంబరు చెప్తుంది. అది పెట్టమన్న గార్డు, ఇది వద్దన్న గార్డు.

లారీల సంగతి కొంచెం వేరు. లారీకి ముందు బానెట్ ఉండదు, డ్రైవర్ మోకాళ్ళకీ బయటి ప్రపంచానికీ మధ్య ఓ రేకు, ఓ బంపర్, అంతే. బాడీ కట్టించుకునేటప్పుడు విజయవాడ ఆటోనగర్లోనో ఇంకెక్కడో బలమైన గార్డు అడగడం వెనక ఉన్నది భయమే, షోకు కాదు. దాన్ని తప్పు పట్టలేను. కానీ లారీ డ్రైవర్లని ఎక్కువగా బలి తీసుకునే రకం ప్రమాదం ఒకటుంది: రాత్రి పూట, లైట్లు లేకుండా ఆగి ఉన్న ఇంకో లారీని వెనక నుంచి గుద్దడం. అక్కడ ఎదురుగా ఉండేది ఆ లారీ ప్లాట్‌ఫారం అంచు, దాదాపు డ్రైవర్ కాళ్ళ నుంచి ఛాతీ వరకు ఉండే ఎత్తులో. గార్డు దానికంటే కింద ఉంటుంది. అంటే గార్డు ఆ లారీ కిందికి దూరిపోతుంది, ప్లాట్‌ఫారం తిన్నగా క్యాబిన్లోకి వస్తుంది. ఇనుము ఉంది కానీ దెబ్బ తగిలే చోట లేదు. ఆ ప్రమాదాన్ని తగ్గించేది మన లారీ ముందు గార్డు కాదు, ఎదుటి లారీ వెనక ఉండాల్సిన అండర్‌రన్ పట్టీ, దాని రిఫ్లెక్టర్ టేపు, ఆగినప్పుడు వేయాల్సిన పార్కింగ్ లైట్లు.

బరువు గురించి కూడా అడుగుతారు కాబట్టి రెండు ముక్కలు. 40 కిలోల గార్డుని ముందు ఇరుసుకి 90 సెంటీమీటర్ల ముందు వేలాడదీస్తే, వీల్‌బేస్ 3 మీటర్లైతే, ముందు ఇరుసు మీద 52 కిలోలు పెరుగుతాయి, వెనక 12 తగ్గుతాయి. మొమెంట్స్ తీసుకుంటే మీకే వస్తుంది. పికప్‌కి ఇది పెద్ద లెక్క కాదు. మైలేజీ పడిపోతుంది, ఇంజన్ వేడెక్కుతుంది అనేవి కూడా మామూలు పైపు గార్డు విషయంలో అతిశయోక్తులే. జాలీ నిండా ఫాగ్ ల్యాంపులు, నేమ్ బోర్డు, నిమ్మకాయల దండలు కట్టి గాలి మూసేస్తే మాత్రం అది వేరే సంగతి.

ఈ లెక్కలన్నీ మా మామకి చెప్పాను. జీ లెక్కలు పట్టించుకోలేదు కానీ టేపుతో ఎత్తు కొలిచిన మాట విన్నాడు. కాసేపాగి, "సరేరా, ఇది తీసేస్తా. మరి ఎనుమడ్డమొస్తే?" అన్నాడు. న్యాయమైన ప్రశ్న. రేడియేటర్ పగిలితే పోయేది అతని డబ్బులే. గార్డు వద్దన్నవాళ్ళు దీనికి జవాబు చెప్పి తీరాలి.

జవాబు వెలుతురులోనూ వేగంలోనూ ఉంది. లో బీమ్‌లో నల్లటి ఎనుము నల్లటి రోడ్డు మీద 50 మీటర్ల లోపే సరిగ్గా కనిపిస్తుందని అనుకుందాం. 60 కి.మీ. వేగంలో, చూసి బ్రేక్ మీద కాలు వేసేసరికి ఒకటిన్నర సెకన్లు, 25 మీటర్లు అయిపోతాయి. మంచి టైర్లతో బండి ఆగడానికి ఇంకో 24. మొత్తం 49, అంటే ఎనుము మూతి దగ్గర ఆగాం. 80లో వెళ్తే అదే మొత్తం 75 మీటర్లు. కనిపించేసరికే ఆలస్యమైపోయింది. ఊరి దగ్గర 80 నుంచి 60కి తగ్గితే పోయేది, పది కిలోమీటర్లకి రెండున్నర నిమిషాలు. గార్డుకి పెట్టే డబ్బుతో పసుపు పట్టిన హెడ్‌లైట్ గ్లాసులు మార్చుకోవచ్చు, లోడు ఎక్కాక పైకి చూసే లైట్ల లెవెల్ సరిచేయించుకోవచ్చు. ఊళ్ళో వాళ్ళు పశువుల కొమ్ములకి రేడియం స్టిక్కర్లు అంటిస్తే ఇంకా దూరం నుంచే కనిపిస్తాయి. కొన్ని చోట్ల పోలీసులే అంటిస్తున్నారు. మన ఎన్.ఎస్.ఎస్. వాళ్ళు ఒక ఆదివారం చేయదగ్గ పని.

ఇన్ని చేసినా ఏదో ఒక రాత్రి రేడియేటర్ పగలొచ్చు. ఆ నష్టం నిజం, అది లేదని చెప్పడం అబద్ధం. కాకపోతే అది బిల్లు కట్టి తీర్చగలిగే నష్టం.

గార్డు విప్పేవాళ్ళు రెండు మూడు విషయాలు చూసుకోండి. బిగించేటప్పుడు కొందరు మెకానిక్‌లు అసలు బంపర్ లోపలి పట్టీని తీసి పక్కన పడేస్తారు, లేదా కోస్తారు. అది లేకుండా ప్లాస్టిక్ తొడుగు ఒక్కటే మిగిలితే గార్డూ లేదు, బంపరూ లేదు. ఆ పట్టీ ఉందో లేదో వంగి చూసి, లేకపోతే ముందు అది వేయించండి. టో హుక్ బోల్టులు గార్డు కోసం పొడుగువి వేసి ఉంటారు, వాటి స్థానంలో మళ్ళీ కంపెనీ సైజువి వేయించాలి. ఛాసిస్‌కి కొత్తగా కొట్టిన రంధ్రాలుంటే తుప్పు గీకి ప్రైమర్ పూయాలి. ముందు బరువు తగ్గింది కాబట్టి హెడ్‌లైట్లు కొంచెం పైకి లేస్తాయి, వాటినీ ఒకసారి దించి సరిచేయించండి. విప్పిన గార్డుని పాత సామాన్ల వాళ్ళు కిలోల లెక్కన తీసుకుంటారు.